బకాయి పడ్డ ఏడాది

నీట్ ఫలితాలు వెలువడే జూన్ నెలలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో రాత్రి భోజనాల దగ్గర ఒకే మాట నలుగుతుంది. పిల్ల అర్హత మార్కులు దాటింది, సీటు వచ్చే మార్కులు మాత్రం రాలేదు. బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పించెయ్యమని మేనమామ సలహా ఇస్తాడు. "ఏటే, అవ్వలేదా ఇంకా నీ సదువు?" అని నాయనమ్మ అడుగుతుంది. "ఒక్క ఏడాది నాన్నా, లాంగ్ టర్మ్‌కి పంపించు" అని పిల్ల బతిమాలుతుంది. ఆ తండ్రి పలాసలో జీడిపప్పు పనివాడు కావచ్చు, చీపురుపల్లిలో చిన్న కిరాణా కొట్టు నడిపేవాడు కావచ్చు. కోచింగ్ ఫీజు, హాస్టలు, పుస్తకాలు, రానుపోను ఛార్జీలు అన్నీ కలిపితే ఆ ఇంటి ఏడాది సంపాదన ఆ ఒక్క ఏడాదికే సరిపోతుంది. పొలమో, పెళ్లికని దాచిన బంగారమో తాకట్టులోకి వెళ్తుంది.

అంత పెట్టి చదివించే ఆ ఏడాది వల్ల నిజంగా ప్రయోజనం ఉందా?

కోచింగ్ సంస్థల జవాబు కూడళ్లలో ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది. సీటు వచ్చిన పిల్లల ఫొటోలు వరసగా ఉంటాయి. అదే గదిలో, అదే బెంచీ మీద ఏడాదంతా కూర్చుని సీటు రాకుండా ఇంటికి వెళ్లిన పిల్లల ఫొటోలు ఎక్కడా ఉండవు. కాబట్టి ఫ్లెక్సీని పక్కనపెట్టి లెక్కలు చూడాలి.

2025 మే 4న జరిగిన నీట్‌ను 22 లక్షల మందికి పైగా రాశారు. వారిలో 12.36 లక్షల మంది అర్హత సాధించారు. అప్పటికి దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల చుట్టుపక్కల ఉన్నాయి, అందులో ప్రభుత్వ కాలేజీలవి సుమారు సగం. అర్హత సాధించిన ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి సీటు లేదన్నమాట. ఆ పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. సరైన జవాబుకు నాలుగు మార్కులు వేస్తారు, తప్పు జవాబుకు ఒకటి కోస్తారు. ఫిజిక్స్‌లో 45, కెమిస్ట్రీలో 45, బయాలజీలో 90 ప్రశ్నలు. బయాలజీని కంఠతా పట్టిన పల్లెటూరి పిల్లలు కూడా ఫిజిక్స్ లెక్కల దగ్గర ఆగిపోతారు.

పైగా మార్కులు ఏటికేడు ఒకేలా ఉండవు. 2024లో 600 దాటినవాళ్లు దేశంలో పదుల వేలమంది. ఆ ఏడాది పేపర్ లీకు, గ్రేస్ మార్కులు, 1,563 మందికి మళ్లీ పరీక్ష, సుప్రీంకోర్టులో విచారణ అన్నీ అయ్యాక కూడా 17 మందికి 720కి 720 మార్కులు నిలిచాయి. మరుసటి ఏడు పేపర్ కఠినంగా వచ్చింది. దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చినవి 686 మార్కులే, 600 దాటినవాళ్లు పద్నాలుగు వందల లోపే. 2024లో తప్పి, ఏడాదంతా చదివి 2025లో మళ్లీ రాసిన పిల్లకు మార్కులు తగ్గి ర్యాంకు మెరుగుపడి ఉండవచ్చు. ఇంట్లో వాళ్లకు మాత్రం తగ్గిన మార్కులే కనిపిస్తాయి. "ఏడాది చదివి ఇదా తెచ్చింది?" అన్న మాట ఆ పిల్ల మీద పడుతుంది. ర్యాంకు చూడకుండా మార్కులతో పోల్చడం అన్యాయం.

అసలు విషయం మొదటి రెండేళ్లలో ఉంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ప్రాంతం నుంచో, మందస, కంచిలి పల్లెల నుంచో వచ్చి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ చదివిన పిల్లను తీసుకుందాం. ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంటే సగం ఏడాది గడిచాక గెస్ట్ లెక్చరర్ వస్తారు. ఇంటర్ పబ్లిక్ పరీక్షలో రెండు, నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నలకు రాసే జవాబులు వేరు, నీట్‌లో నిమిషానికొకటి తేల్చాల్సిన జవాబులు వేరు. నీట్ ఎన్‌సీఈఆర్‌టీ పాఠాల ఆధారంగా నడుస్తుంటే, మన ఇంటర్ ఎన్నో ఏళ్లు తెలుగు అకాడమీ పుస్తకాల దారిలో నడిచింది. ఇంటర్ మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ మన రాష్ట్రంలో 2025–26 నుంచే వచ్చింది. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో దొరుకుతుంది కానీ, దానికి తయారయ్యే మెటీరియల్, టెస్టులు దాదాపు అన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి.

ఆ పిల్ల అడుగుతున్న ఏడాదిని అదనపు చదువు అనడం తప్పు. అది ఇంటర్ రెండేళ్లలో అందాల్సి, అందకుండా మిగిలిన బకాయి. బాకీ పడింది ప్రభుత్వ విద్యావ్యవస్థ. తీరుస్తున్నది జీడిపప్పు పనివాడు.

కార్పొరేట్ కాలేజీలో చదివిన పిల్ల సంగతి వేరు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్, ఎనిమిది నుంచి మెడికల్ సెక్షన్, ఇంటర్‌లో వారం వారం టెస్టులు. ఆ పిల్ల లాంగ్ టర్మ్‌లో కొత్తగా నేర్చుకునేది చాలా తక్కువ. అవే పాఠాలు, అవే బిట్లు, కొంచెం వేగం. ఇద్దరూ ఒకే హాస్టల్లో, ఒకే ఫీజు కట్టి, ఒకే పేరున్న కోర్సులో కూర్చుంటారు. ఒకరికి అది తొలిసారి చదువు, ఇంకొకరికి మూడోసారి పునశ్చరణ. లాంగ్ టర్మ్ మంచిదా చెడ్డదా అని గంపగుత్తగా తీర్పు చెప్పేవాళ్లు ఈ తేడాను వదిలేస్తున్నారు.

వైద్యవిద్యకు ముందు ఒక ఏడాది ఎక్కువ చదవడం తెలుగునాట కొత్త కాదు. విశాఖలో 1902లో మెడికల్ స్కూలు, 1923లో మెడికల్ కాలేజీ వచ్చాయి. ఆ కాలేజీయే తర్వాత ఆంధ్రా మెడికల్ కాలేజీ అయింది. 2002లో నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల, 2008లో శ్రీకాకుళంలో రిమ్స్ వచ్చేదాకా ఈ రెండు జిల్లాల పిల్లలకు దగ్గర్లో విశాఖే దిక్కు. 1960లలో డాక్టరు కావాలంటే పీయూసీ తర్వాత ప్రీ-ప్రొఫెషనల్ కోర్సు అనే ఒక ఏడాది చదవాలి. ఆ తరం డాక్టర్లు దాన్ని పీపీసీ అనేవారు. అది విశ్వవిద్యాలయం నడిపే చదువులో భాగం, ఆ ఏడాదికి బాధ్యత వ్యవస్థదే. 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక పీపీసీ అవసరం తీరిపోయింది. 1986లో ఎంసెట్ వచ్చింది. దాని వెంటే విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో లాంగ్ టర్మ్, షార్ట్ టర్మ్ బ్యాచ్‌లు పెరిగాయి. పీపీసీతో పోయిందనుకున్న ఏడాది ఇంకో రూపంలో తిరిగొచ్చింది. తేడా ఒక్కటే. పీపీసీ అందరికీ ఉండేది, ఇది కొనగలిగినవాళ్లకే ఉంది.

2017లో ఎంసెట్ స్థానంలో మన రాష్ట్రానికి నీట్ వచ్చాక ఈ కొనుగోలు ఇంకా పెరిగింది. పక్కనున్న తమిళనాడులో జస్టిస్ ఏ.కె. రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. నీట్‌కు ముందు 2016–17లో అక్కడ ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లలో రెండోసారి ప్రయత్నించి వచ్చినవాళ్లు 12.47 శాతం. 2020–21కి వాళ్లే 71.42 శాతం అయ్యారు. సీట్లలో మూడింట రెండొంతులకు పైగా ఒక ఏడాదో రెండేళ్లో ఆగి చదవగలిగిన ఇళ్లకు వెళ్లిపోయాయి. అక్కడి ప్రభుత్వం 2020లోనే ప్రభుత్వ బడి పిల్లలకు 7.5 శాతం సీట్లు కేటాయిస్తూ చట్టం చేసింది. మన రాష్ట్రంలో అలాంటి లెక్క తీసి బయటపెడితే మంచి పని అవుతుంది. ఏ మండలం నుంచి, ఏ కాలేజీ నుంచి, ఎన్నో ప్రయత్నంలో పిల్లలు ఎంబీబీఎస్‌లో చేరుతున్నారో తెలిస్తే చర్చ గాలిలో కాకుండా నేల మీద జరుగుతుంది.

చదువు ఏళ్లు పెరిగేకొద్దీ బయట నిలబడిపోయేది ఎవరన్న విషయంలో అమెరికా అనుభవం పెద్ద పాఠం. 1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ అక్కడి వైద్య కళాశాలలను పరిశీలించి నివేదిక ఇచ్చాడు. వైద్యంలో చేరేముందు కనీసం రెండేళ్లు కాలేజీలో సైన్స్ చదివి ఉండాలన్నాడు. వైద్యవిద్య నాణ్యత నిజంగానే పెరిగింది. అదే ఊపులో నల్లజాతి వారి కోసం ఉన్న ఏడు వైద్య కళాశాలల్లో అయిదు మూతపడ్డాయి. ఇప్పుడక్కడ నాలుగేళ్ల డిగ్రీ అయ్యాకే మెడికల్ స్కూలు. డిగ్రీ అయ్యాక కూడా ఒకటి రెండేళ్లు ఆసుపత్రుల్లో, ప్రయోగశాలల్లో పనిచేసి చేరేవాళ్లే ఎక్కువ. అక్కడి తెలుగు కుటుంబాలు కన్సాస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం 1971 నుంచి నడుపుతున్న ఆరేళ్ల కోర్సు లాంటివాటి కోసం ఆరాటపడతాయి, పిల్లలకు రెండేళ్లు కలిసొస్తాయని. ఇక్కడేమో ఆ వయసు పిల్లలు ఒక ఏడాది ఆగి చదవడానికి తల్లిదండ్రులు బంగారం తాకట్టు పెడుతున్నారు.

ఇంగ్లండ్‌లో ఒక కాలేజీ ఇంకో దారి పట్టింది. లండన్ కింగ్స్ కాలేజీ 2001లో ఆరేళ్ల వైద్య కోర్సు మొదలుపెట్టింది. మామూలు కోర్సు అయిదేళ్లు. ఎంపిక పరీక్షలు లేని సాధారణ ప్రభుత్వ బడుల్లో చదివి, వెనుకబడిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలను తక్కువ మార్కులతోనే చేర్చుకుంటుంది. మొదటి ఏడాది పాఠాలను రెండేళ్ల మీద పరచి, పక్కన ఉండి నేర్పిస్తుంది. మన పిల్లకు లాగే అక్కడి పిల్లలకూ ఒక ఏడాది ఎక్కువ పడుతుంది. కానీ ఆ ఏడాది సీటు వచ్చాక, మెడికల్ కాలేజీ లోపల, డాక్టరు కాబోతున్నాననే ధీమాతో గడుస్తుంది. గేటు బయట, వస్తుందో రాదో తెలియని భయంతో గడవదు.

ఆ భయం సంగతి దాచిపెట్టి ఈ విషయం మాట్లాడకూడదు. ఇంటికి దూరంగా ఉంటూ, తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకులు, ర్యాంకును బట్టి సెక్షన్ మార్చడాలు. పదిహేడేళ్ల పిల్లకు తన విలువ గోడ మీద అంటించిన కాగితంలో కనిపిస్తుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జూలైలో పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలై 25న కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సిలర్ ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదని చెప్పింది. పిల్లను లాంగ్ టర్మ్‌లో చేర్చే ముందు ప్రతి తల్లీతండ్రీ ఆ రెండు విషయాలు కాలేజీవాళ్లను సూటిగా అడగాలి. జవాబు తడబడితే పెట్టె దించకుండా వెనక్కి తీసుకురావాలి.

ఇన్ని కష్టాలున్నా ఆ ఏడాదిని పూర్తిగా కొట్టిపారేయలేం. కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఫీజు వేలల్లో ఉంటుంది. బి కేటగిరీలో ఏడాదికి పది లక్షలు దాటుతుంది. 2023 సెప్టెంబరులో విజయనగరంలో 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ప్రారంభమైనప్పుడు ఇక్కడివాళ్లు సంబరపడ్డారు. అయితే ఆ ఏడాది మొదలైన అయిదు కొత్త ప్రభుత్వ కాలేజీల్లో కొన్ని సీట్లను సెల్ఫ్ ఫైనాన్స్ కింద ఏడాదికి 12 లక్షలకు, ఎన్నారై కోటా కింద 20 లక్షలకు పెట్టారు. ఇంకో దారి కిర్గిజ్‌స్తాన్, జార్జియా, ఫిలిప్పీన్స్. అక్కడ చదివి వచ్చాక ఇక్కడ రాయాల్సిన ఎఫ్ఎంజీఈలో 2024 జూన్‌లో ఉత్తీర్ణులైంది అయిదో వంతు మాత్రమే. వీటన్నిటి పక్కన పెట్టి చూస్తే, ఒక ఏడాది లాంగ్ టర్మ్ ఖర్చు పేదింటికి మిగిలిన దారుల్లోకెల్లా చవకైనదే. తండ్రులు తెలియక అప్పు చేయడం లేదు. లెక్క వేసుకునే చేస్తున్నారు.

వృత్తి జీవితంతో పోల్చినా ఒక ఏడాది పెద్దది కాదు. ఉద్దానం పల్లెల్లో తరాలుగా మనుషుల్ని తినేస్తున్న కిడ్నీ జబ్బుకు వైద్యం చేసే నెఫ్రాలజిస్ట్ కావాలంటే ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మూడేళ్లు, మొత్తం పదకొండున్నరేళ్లు చదవాలి. విశాఖకు చెందిన డాక్టర్ టి. రవిరాజు లాంటివాళ్లు ఏళ్ల తరబడి పరిశోధించినా ఆ జబ్బుకు మూలకారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. కవిటి నుంచో, సోంపేట నుంచో ఒక పిల్ల నెఫ్రాలజిస్ట్ అయి అక్కడికి తిరిగొస్తే, ఆమె పద్దెనిమిదో ఏట సీటు తెచ్చుకుందా పంతొమ్మిదో ఏటా అని డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషి అడగడు.

పరీక్ష తప్పినవాళ్లకు తెలివి లేదనుకునేవాళ్లు ఎల్లాప్రగడ సుబ్బారావును ఒకసారి తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినా దక్కింది ఎంబీబీఎస్ పట్టా కాదు, దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్. తర్వాత అమెరికాలో ఆయన బృందం తెచ్చిన మందుల్లో హెట్రజాన్ ఒకటి. అదే డైఇథైల్ కార్బమజీన్, శ్రీకాకుళం తీరపు ఊళ్లలో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర. ఆ మాత్ర వేసుకున్న లక్షలమందికి మూడోసారి మెట్రిక్ పాసైన మనిషి చేసిన మేలు అందింది. ఒడిశాలో జయకిశోర్ ప్రధాన్ అనే బ్యాంకు విశ్రాంత ఉద్యోగి 64 ఏళ్ల వయసులో నీట్‌లో అర్హత సాధించి, 2020లో బుర్లా వైద్య కళాశాలలో చేరాడు. గరిష్ఠ వయోపరిమితిని జాతీయ వైద్య కమిషన్ 2022లో తీసేసింది కూడా. ఎన్నిసార్లయినా రాయవచ్చు.

రాయవచ్చు కదా అని రాయిస్తూనే ఉండటం మాత్రం తగదు. ప్రధాన్ పెన్షన్ వస్తుండగా, తనకు తానుగా కోరుకుని రాశాడు. పంతొమ్మిదేళ్ల పిల్లను మూడోసారి, నాలుగోసారి అదే హాస్టల్ గదిలో కూర్చోబెట్టడం వేరు. మొదటి ఏడాదిలో బకాయి పాఠాలు పూర్తవుతాయి. రెండో ఏడాది కొందరికే పనికొస్తుంది. మూడో ఏడాదికి బిట్ల వేగమే పెరుగుతుంది. రోగి నాడి పట్టుకునే నేర్పు గానీ, మనిషి బాధ వినే ఓపిక గానీ ఆ ఏడాది నేర్పదు. అప్పటికి బీఎస్సీ నర్సింగో, ఫార్మసీయో, ఫిజియోథెరపీయో సగం దారి దాటి ఉండేది. అవీ వైద్యరంగమే, వాటినీ గౌరవంగా చూడటం ఇళ్లలో అలవాటు కావాలి.

సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ప్రభుత్వమే నీట్ శిక్షణ ఇస్తోంది. గుంటూరు దగ్గర అడవితక్కెళ్లపాడు, విజయవాడ దగ్గర ఈడుపుగల్లు, కర్నూలు దగ్గర చిన్నటేకూరు కేంద్రాలు అలాంటివే. మంచి పనే. కానీ సీతంపేట కొండల్లోని పిల్లకు కర్నూలు ఎంత దూరమో రైలెక్కితే గానీ తెలియదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీల పక్కనే, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో చదివి నీట్‌లో అర్హత సాధించిన పిల్లలకు హాస్టల్‌తో సహా ఒక ఏడాది ఉచిత చదువు పెట్టాలి. ఫిజిక్స్‌కు మంచి లెక్చరర్లను ఇవ్వాలి. సాయంత్రాలు ఎంబీబీఎస్ సీనియర్ల చేత పాఠం చెప్పించాలి. బకాయి ఎవరిదో వాళ్లే తీర్చాలి.

అంతదాకా నిర్ణయం ఇళ్లలోనే జరగాలి కాబట్టి తల్లిదండ్రులకు ఒక విన్నపం. అడ్వాన్సు కట్టడానికి వెళ్లే ముందు పిల్ల ఓఎంఆర్ పత్రం, జవాబుల కీ డౌన్‌లోడ్ చేయించండి. పాఠం చెప్పిన మాస్టారిని ఒకరిని పిలిచి, పోయిన ప్రతి మార్కునూ ఆ పిల్లతో కలిసి చూడండి. అసలు ఎవరూ చెప్పని పాఠాల్లో పోయినవి ఎక్కువుంటే ఆ ఏడాది ఇవ్వండి, అప్పు చేసైనా ఇవ్వండి. వచ్చిన పాఠాల్లోనే మళ్లీ మళ్లీ పోతుంటే, రైలు టికెట్టు తీసే ముందు "నీకు ఇంకేం చదవాలనుంది తల్లీ?" అని అడగండి.